తూకం కంటే ముందే పుట్టిన రసీదు: 2017 జనవరి 1, కాటా రికార్డు గురించి సాయం కావాలి

రాయగడ_సర్వీస్ | సోమవారం, రాత్రి 9:40

నమస్కారం. నాది రాయగడ. చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు నడుపుతున్నాను. ఇక్కడి ఒక రైస్ మిల్లు వాళ్లు వే బ్రిడ్జి పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టుకుంటున్నారు. పదేళ్ల రసీదులు కొత్తదాంట్లోకి ఎక్కించే పని నాకు వచ్చింది. అన్నీ ఎక్కాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని ఎన్నిసార్లు పంపినా "రసీదు సమయం తూకం సమయం కంటే ముందుంది" అని తిప్పికొడుతోంది.

డేటాబేసులో ఉన్నది ఇది:

తూకం పట్టిన సమయం: 1483228799.71
రసీదు అచ్చయిన సమయం: 1483228799.14

అంటే మైనస్ 0.57 సెకను. ధాన్యం లోడు లారీ. 2017 జనవరి 1, ఆదివారం తెల్లవారుజాము. ప్రోగ్రాం ఉబుంటు మీద నడిచేది, డాంగిల్‌తో ఇంటర్నెట్ ఉండేది.

దీన్ని యజమాని గారికి చూపించాను. నేను చేసిన తప్పు అదే. అప్పటి కాటా గుమస్తా గడియారం వెనక్కి తిప్పి ఏదో మాయ చేశాడని ఆయన పట్టుకు కూర్చున్నారు. డిసెంబరు 31 రాత్రి డ్యూటీ కదా, ఆయనకు ఇంకో అనుమానం కూడా ఉంది, అది ఇక్కడ రాయను. ఆ గుమస్తా మానేసి చాలా కాలమైంది. మనిషి నాకు తెలుసు, మజ్జిగౌరమ్మ మీద ఒట్టేసి చెప్పగలను, అలాంటివాడు కాదు. కానీ ఒట్టు డేటాబేసులో ఎక్కదు. అసలు కారణం ఏమై ఉంటుంది?

జయపురం_కాఫీ | సోమవారం, రాత్రి 9:58

మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయి ఉంటుంది. మా కొరాపుట్ వైపు కరెంటు కోతలకు సగం కంప్యూటర్ల టైము ఇలాగే చస్తుంది. పది రూపాయల బ్యాటరీకి ఇంత పంచాయితీ అక్కర్లేదు.

రాయగడ_సర్వీస్ | సోమవారం, రాత్రి 10:05

బ్యాటరీ పోతే ఏళ్లకేళ్లు వెనక్కి పోతుంది కదండీ. ఇక్కడ తేడా అర సెకను. దానికి ముందు రసీదు, తర్వాత రసీదు అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

గునుపురం_బీటెక్ | సోమవారం, రాత్రి 10:31

అన్నా, నేను ఫైనలియర్, అనుభవం లేదు. ఊరికే ఆ నంబరుతో ఆడుకున్నాను. అది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు కదా. 1483228800ని 86,400తో భాగిస్తే సరిగ్గా 17,167 వస్తుంది, శేషం సున్నా. అంటే మీ రసీదు యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం రోజు మారడానికి ముందు ఆఖరి సెకనులో పడింది. మన టైములో ఉదయం 5:29:59. పదేళ్ల రసీదుల్లో తప్పు వచ్చినది ఒక్కటే, అది కూడా సరిగ్గా ఆ సెకనులోనే. ఇది యాదృచ్ఛికం అనిపించడం లేదు.

బల్లార్షా_సర్వర్ | సోమవారం, రాత్రి 11:12

గునుపురం తమ్ముడూ, శభాష్. సగం దారి నువ్వే నడిచేశావు.

రాయగడ గారూ, ఆ రోజు ఉదయం 5:29:59 తర్వాత 5:30:00 రాలేదు. మధ్యలో 5:29:60 అని ఇంకో సెకను వచ్చింది. లీప్ సెకను అంటారు. 1972లో ఈ పద్ధతి మొదలైంది. ఇప్పటిదాకా 27 సార్లు కలిపారు, ఆఖరిది మీ రసీదు మీద పడినదే. మళ్లీ ఇంతవరకు రాలేదు.

కారణం మీకు కాటా భాషలోనే చెబుతాను. 1967లో సెకనుకు కొత్త తూనికరాయి చేశారు: సీజియం-133 పరమాణువు నుంచి వచ్చే తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగేంత కాలం ఒక సెకను. రాయి బ్రహ్మాండంగా ఉంది, అరగదు, తరగదు. కానీ దాన్ని 19వ శతాబ్దపు ఖగోళ పరిశీలనల్లో తేలిన రోజు పొడవుకు సరిపోయేలా చెక్కారు. భూమి ఈలోపు కొంచెం నెమ్మదించింది. 1972 ప్రాంతంలో రోజు 86,400 సెకన్ల కంటే దాదాపు 3 మిల్లీసెకన్లు ఎక్కువ పట్టేది. రోజుకు మూడు మిల్లీసెకన్లంటే ఏడాదికి ఒక సెకను పైచిలుకు. ఆ బాకీ 0.9 సెకను దాటకుండా ఒక్కొక్క సెకను కలుపుతూ వచ్చారు. భూమి ఎలా తిరుగుతోందో చూసి ఆ నిర్ణయం చెప్పేది ఐఈఆర్ఎస్ అనే సంస్థ. దాదాపు ఆరు నెలల ముందే పారిస్ నుంచి ప్రకటన వస్తుంది.

చాలామంది భూమి ప్రతి ఏటా సెకను చొప్పున నెమ్మదిస్తోంది అనుకుంటారు. కాదు. అలా అయితే ఈపాటికి మనకు రోజు సాగి సాగి ఎక్కడికో పోయేది. చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్ల రాపిడికి రోజు పొడవు పెరిగేది శతాబ్దానికి దాదాపు రెండు మిల్లీసెకన్లే. మనం కలిపేది పేరుకుపోయిన బాకీని.

ఇక కంప్యూటర్ సంగతి. యునిక్స్ లెక్కలో, అంటే 1970 నుంచి లెక్కపెట్టే ఆ సెకన్ల లెక్కలో, రోజంటే 86,400 సెకన్లే, అందులో మార్పు లేదు. 61వ సెకనుకు అక్కడ చోటే లేదు. కాబట్టి మీ ఉబుంటు లోపల ఉండే లీనక్స్ కెర్నెల్, అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం, ఏం చేస్తుందంటే, రోజు మారే క్షణంలో గడియారాన్ని ఒక సెకను వెనక్కి నెట్టి 59ని రెండోసారి నడిపిస్తుంది. మీ తూకం మొదటి 59లో 0.71 దగ్గర పడింది, రసీదు రెండో 59లో 0.14 దగ్గర పడింది. నిజానికి రెండింటి మధ్య గడిచింది 0.43 సెకను. మైనస్ 0.57కి ఒకటి కలపండి, సరిపోతుంది.

మీ గుమస్తా గడియారం తిప్పలేదు. ప్రపంచమంతా కలిసి తిప్పింది.

రాయగడ_సర్వీస్ | సోమవారం, రాత్రి 11:20

రోమాలు నిక్కబొడుచుకున్నాయండీ. కానీ దీన్ని యజమాని గారికి ఎలా చెప్పను? "భూమి లేటయింది సార్" అంటే నన్ను కూడా గుమస్తా లెక్కలో వేస్తారు.

సిరొంచ_గోదారి | మంగళవారం, ఉదయం 6:15

పొద్దున్నే చదివి తల తిరిగింది. ఒక డౌట్. ఈ 5:29:60 ని ఎవరైనా కళ్లతో చూసిండ్రా? నా ఫోన్‌ల 59 తర్వాత 60 ఎన్నడూ చూడలే.

బల్లార్షా_సర్వర్ | మంగళవారం, ఉదయం 7:02

ఫోన్‌లో కనిపించదు తమ్ముడూ. అణు గడియారాలకు కట్టిన డిజిటల్ బోర్డుల్లో కనిపిస్తుంది. మన దేశానికి టైము ఇచ్చేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, ఎన్‌పీఎల్. ఆ రోజు అక్కడా ఒక సెకను కలిపారు, పేపర్లో కూడా వచ్చింది.

కిమిడి_పంచాంగం | మంగళవారం, ఉదయం 8:30

పర్లాకిమిడి నుంచి. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను, మా తాతగారు పంచాంగం గుణించేవారు. కంప్యూటర్లు నాకు అంతంతమాత్రమే గాని, ఈ జబ్బు మాత్రం పాత జబ్బే.

పంచాంగంలో రోజుకు ఉదయానికి ఉన్న తిథి పేరు పెడతాం. ఒకే తిథి రెండు సూర్యోదయాలకు ఉంటే రెండు రోజులకీ అదే పేరు, దాన్ని వృద్ధి తిథి అంటాం. ఏ సూర్యోదయానికీ తగలకుండా మధ్యలో వచ్చి పోయేది క్షయ తిథి. మీ కెర్నెల్ చేసింది వృద్ధి. 59 రెండు సార్లు వచ్చింది.

కానీ మాసం దగ్గర పెద్దలు ఇంకా జాగ్రత్త పడ్డారు. అధిక మాసం వస్తే మొదటిదాన్ని అధిక శ్రావణం అన్నారు, రెండోదాన్ని నిజ శ్రావణం అన్నారు. 2023లో చూశాం కదా. రెండింటికీ ఉత్త "శ్రావణం" అని రాసి వదిలేస్తే వరలక్ష్మీ వ్రతం ఏ శుక్రవారం చేయాలో ఇంటింటా తగువే. యూటీసీ వాళ్లు కూడా 60 అని వేరే పేరు పెట్టారు, అది మర్యాద. యునిక్స్ వాళ్లు ఆ పేరు చెరిపేసి రెండింటికీ 59 అని రాశారు. రాయగడ బాబు రసీదు తగువు అక్కడ పుట్టింది. అధిక 59లో తూకం, నిజ 59లో రసీదు... కాదు కాదు, తిరగేశాను, మొదటిది అసలు 59, రెండోదే అధికం. చూశారా, పేరు లేకపోతే నాకే తికమక.

ధర్మాబాద్_జావా | మంగళవారం, ఉదయం 10:04

మాస్టారూ, ఈ పోలిక మా టీమ్ మీటింగ్‌లో వాడేస్తాను, అనుమతి ఇచ్చేయండి.

నేను ధర్మాబాద్, ఇప్పుడు ఇంటి నుంచే పని. ప్రోగ్రామర్ వైపు నుంచి కొంచెం. పేరు లేకపోవడం ఒక్క యునిక్స్ పాపం కాదు. పైథాన్‌లో డేట్‌టైమ్‌కి సెకను 60 ఇస్తే తప్పు అంటుంది. జావాస్క్రిప్ట్‌కి అక్షరాల రూపంలో ఇస్తే చెల్లని తేదీ అంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు తీసుకుంటుంది గానీ నిశ్శబ్దంగా తర్వాతి నిమిషంలోకి జరిపేస్తుంది. జావా 8 టైమ్ లైబ్రరీ అయితే, లీప్ సెకను ఉన్న రోజు ఆ అదనపు సెకనును ఆఖరి 1000 సెకన్ల మీద పంచాలని కాగితం మీద చెబుతుంది, కానీ నడిచేటప్పుడు కింద ఆపరేటింగ్ సిస్టం ఏమిస్తే అదే పట్టుకుంటుంది. నలుగురు నాలుగు రకాలు.

అసలు పాఠం వేరే ఉంది. "ఇప్పుడు ఎంతయింది" అనే గడియారం వేరు, "ఎంతసేపు పట్టింది" అనే గడియారం వేరు. మొదటిది ఎవరైనా ముందుకూ వెనక్కూ జరపవచ్చు. రెండోదాన్ని మోనోటోనిక్ క్లాక్ అంటారు, అది వెనక్కి వెళ్లదు. మొదటిదాంట్లో రెండు రీడింగులు తీసి తీసివేత చేస్తే ఎప్పుడో ఒకరోజు మైనస్ వస్తుంది. మీ గుమస్తా బండి వచ్చిన అదే క్షణంలో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల డీఎన్ఎస్ (సైటు పేర్లకు చిరునామా చెప్పే) సర్వర్లలో కొన్ని ఇలాగే పడ్డాయి. గో భాషలో రాసిన ప్రోగ్రాం. సమయం మైనస్‌లో రాదనే నమ్మకంతో రాశారు, వచ్చింది, కూలింది. ఆ ఏడాదే వచ్చిన గో 1.9లో టైమ్‌తో పాటు మోనోటోనిక్ రీడింగు కూడా దాచడం మొదలుపెట్టారు.

కాబట్టి కొత్త కాటా సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పండి, ముందువెనకలు రసీదు నంబరుతో చూడాలి, గడియారంతో కాదు.

జయపురం_కాఫీ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అందరూ తీర్పు ఇచ్చేశారు, బాగుంది. నా అనుమానం ఇంకా తీరలేదు. ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చే పద్ధతి) గడియారాన్ని సరిచేసేటప్పుడు కూడా వెనక్కి దూకించవచ్చు. తేడా 128 మిల్లీసెకన్లు దాటితే ఆ పని చేసే ఎన్‌టీపీడీ ప్రోగ్రాం మెల్లగా లాగదు, ఒక్కసారి దూకిస్తుంది. డాంగిల్ ఇంటర్నెట్‌కు తేడా రావడం వింత కాదు. ఆ దూకుడు యాదృచ్ఛికంగా ఆ సెకనులో పడలేదని రుజువేది? మనిషి పరువు విషయం కదా, బాగుంది కదా అని కథ ఒప్పుకోకూడదు.

గునుపురం_బీటెక్ | మంగళవారం, మధ్యాహ్నం 1:34

కరెక్టే సార్. కానీ లీప్ సెకను అయితే వెనక్కి దూకేది సరిగ్గా ఒక సెకను. మామూలు సవరణ అయితే ఎంతైనా కావచ్చు. తూకానికీ రసీదుకూ మధ్య ఆ ప్రోగ్రాంలో మామూలుగా ఎంత పడుతుందో మిగతా రసీదుల్లో చూస్తే తెలుస్తుంది. 0.43 దగ్గర్లో ఉంటే మన లెక్క నిలుస్తుంది.

రాయగడ_సర్వీస్ | మంగళవారం, సాయంత్రం 4:50

చూశాను తమ్ముడూ. ఆ వారం రసీదులన్నీ తీశాను. అన్నీ 0.4 నుంచి 0.5 సెకను మధ్యే.

జయపురం గారూ, మీ మాటా నిజమే. ఇది ఊతమే గానీ సాక్ష్యం కాదు. పాత కంప్యూటర్ లాగ్‌లు దొరికితే బాగుండును. అది ఆ సంక్రాంతి తర్వాతే మార్చేశారట, కొత్తదాంట్లో అదే ప్రోగ్రాం పెట్టుకున్నారు. పాతది ఎక్కడుందో కనుక్కుంటాను.

బల్లార్షా_సర్వర్ | మంగళవారం, రాత్రి 8:15

దొరికితే కెర్నెల్ లాగ్ చూడండి. లాగ్‌లు వారానికోసారి మారుతాయి, నాలుగు వారాలవి ఉంచుతుంది. సంక్రాంతికే ఆపేశారంటే అదృష్టం, జనవరి 1 ఇంకా తుడిచిపెట్టుకుపోయి ఉండదు.

ఈలోపు ఒక పాత కథ. 2012 జులై 1, అది కూడా ఆదివారమే. నేను అప్పుడు ఒక కంపెనీ సర్వర్ల నైట్ షిఫ్టులో. ఉదయం ఐదున్నరకు టీ కప్పు పెదవులదాకా వచ్చింది, మానిటర్ మీద సీపీయూ గ్రాఫులన్నీ ఒక్కసారి నిట్టనిలువుగా లేచాయి. ఒకటి కాదు, జావా, మై‌ఎస్‌క్యూఎల్ నడిచే ప్రతి మెషీనూ. దాడి జరిగిందనుకుని మా మేనేజర్‌ని నిద్రలేపాను. ఆయన తిట్లు ఇప్పటికీ గుర్తే.

జరిగింది ఏమిటంటే, కెర్నెల్ గడియారాన్ని సెకను వెనక్కి నెట్టింది గానీ ఆ సంగతి తనలోనే ఉన్న సూక్ష్మ టైమర్ల విభాగానికి చెప్పడం మరిచింది. టైమర్లు ఇంకా ఒక సెకను ముందే ఉన్నాయి. "అర సెకను పడుకుంటాను" అన్న ప్రతి ప్రోగ్రాంకీ "నీ టైము అయిపోయింది, లే" అన్నాయి. లేచింది, మళ్లీ పడుకోబోయింది, మళ్లీ లేపింది. సెకనుకు వేలసార్లు. రెడిట్, లింక్డిన్, మొజిల్లా అందరికీ అదే తెల్లవారుజాము. జర్మనీలో హెట్జ్నర్ డేటా సెంటర్లలో కరెంటు వాడకం దాదాపు ఒక మెగావాట్ పెరిగిందని వాళ్లే చెప్పారు.

మందు ఏమిటో తెలుసా? డేట్ కమాండ్‌తో ఇప్పుడున్న టైమునే మళ్లీ సెట్ చేయడం. అంతే. అది చేయగానే కెర్నెల్ టైమర్లకు కబురు పంపుతుంది, జ్వరం దిగిపోతుంది. మేం ఆ మందు తెలియక సగం సర్వర్లు రీస్టార్ట్ చేసి కూర్చున్నాం.

సిరొంచ_గోదారి | మంగళవారం, రాత్రి 8:40

అన్నా, గట్లయితే ఒకేసారి కాకుండా మెల్లమెల్లగ కలపొచ్చు కదా?

ధర్మాబాద్_జావా | మంగళవారం, రాత్రి 9:10

కలుపుతారు. దాన్ని స్మియర్ అంటారు, మన మాటలో పూత. 2008 నుంచి గూగుల్ చేస్తోంది. ఇప్పుడు గూగుల్, అమెజాన్ వాడేది 24 గంటల పూత: యూటీసీ మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12 దాకా, అంటే మనకు సాయంత్రం 5:30 నుంచి మర్నాడు సాయంత్రం 5:30 దాకా. ఆ రోజంతా ప్రతి సెకనునూ దాదాపు 11.6 మైక్రోసెకన్లు సాగదీస్తారు. ఏ ప్రోగ్రాంకీ తెలియదు. 60 రాదు, 59 రెండుసార్లు రాదు. ఫేస్‌బుక్ వాళ్లది ఇంకో రకం, 17 గంటలు.

ఇందులో ఒక గొయ్యి ఉంది. పూత పూసే సర్వర్ల టైమూ, పూయని సర్వర్ల టైమూ లీప్ క్షణం దగ్గర అర సెకను తేడాతో ఉంటాయి. మీ మెషీన్‌కు రెండు రకాలూ కలిపి ఇస్తే ఎవరి మాట నమ్మాలో తెలియక కొట్టుకుంటుంది. క్రోనీ (ఇదీ ఎన్‌టీపీ ప్రోగ్రామే) వాడేవాళ్లు అన్నీ ఒకే రకం సర్వర్లు పెట్టుకోండి. 2022 ఏప్రిల్ సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం మన కంపెనీలు ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం) లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతోనో, వాటికి అనుసంధానమైన వాటితోనో సరిచూసుకోవాలి కూడా.

బరంపురం_పట్టు | బుధవారం, ఉదయం 9:05

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. మా ఆఫీసులో హాజరు మెషీన్లకు జీపీఎస్ గడియారం ఒకటి పెట్టారు. పవర్ పోయి వచ్చిన ప్రతిసారీ కొంతసేపు సరిగ్గా 18 సెకన్లు ఫాస్ట్ చూపిస్తుంది, తర్వాత దానంతటదే దారికొస్తుంది. కంపెనీవాడు వచ్చి యాంటెన్నా మార్చి బిల్లు వేశాడు. ఇదీ ఈ కథేనా?

బల్లార్షా_సర్వర్ | బుధవారం, ఉదయం 9:22

అచ్చంగా ఇదే కథ. జీపీఎస్ టైము 1980 జనవరి 6న యూటీసీతో సమానంగా మొదలైంది, తర్వాత లీప్ సెకన్లు కలపలేదు. అప్పటినుంచి వచ్చినవి 18. అందుకే 18 సెకన్లు ముందుంటుంది. ఎంత తీసేయాలో ఉపగ్రహమే చెబుతుంది, కానీ ఆ పూర్తి సందేశం ఒక చుట్టు రావడానికి పన్నెండున్నర నిమిషాలు. అంతవరకు తెలివితక్కువ రిసీవర్ అసలు జీపీఎస్ టైమే చూపిస్తుంది. యాంటెన్నా డబ్బులు వెనక్కి అడగండి. జీపీఎస్ లాంటి మన దేశపు నావిక్ కూడా లీప్ సెకన్లు కలపదు. రష్యా గ్లోనాస్ ఒక్కటే యూటీసీతో పాటు కలుపుకుంటూ పోతుంది.

మోడరేటర్ | బుధవారం, ఉదయం 10:00

2038 సమస్య మీద వచ్చిన నాలుగు పోస్టులు వేరే చర్చకు మార్చాను. అది 32 బిట్ల అంకె నిండిపోయే గొడవ, లీప్ సెకనుతో సంబంధం లేదు. గుమస్తా తాగాడా లేదా అన్న పోస్టులు మాత్రం ఎక్కడికీ మార్చలేదు, తీసేశాను.

సిరొంచ_గోదారి | బుధవారం, మధ్యాహ్నం 12:45

ఇంత లొల్లి పెట్టే సెకను మనకెందుకు? చూడుండ్రి, మన టైము 82.5 డిగ్రీల రేఖ మీద పెట్టిండ్రు. అది జయపురం పక్క నుంచే పోతది. మా సిరొంచ దాదాపు 80 డిగ్రీల మీద ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. జయపురం కాఫీ గారి కంటే మాకు సూర్యుడు పది నిమిషాలు లేటు. పర్లాకిమిడి మాస్టారు కంటే పావుగంట పైనే. ఎవరికన్న బాధ ఉన్నదా? పది నిమిషాలు ఓర్చుకున్నోళ్లం ఒక సెకను ఓర్చుకోలేమా?

జయపురం_కాఫీ | బుధవారం, మధ్యాహ్నం 1:10

ఈ థ్రెడ్‌లో నాకు మొదటిసారి నచ్చిన మాట. దేశం టైము మా ఇంటి పెరట్లో నుంచి పోతుందన్నమాట. కరెంటు కూడా అలా పోతే బాగుండు.

ధర్మాబాద్_జావా | బుధవారం, మధ్యాహ్నం 2:00

సిరొంచ అన్న వాదనే గెలిచింది. 2022 నవంబరులో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ 2035 లోపు ఆ 0.9 సెకను హద్దు పెంచాలని తీర్మానించింది. గ్లోనాస్ మార్చుకోవాలి కాబట్టి రష్యా ఇంకాస్త గడువు అడిగింది. హద్దు పెంచాక సూర్యుడికీ గడియారానికీ ఒక నిమిషం తేడా రావడానికి ఇంచుమించు నూరేళ్లు పడుతుందని అంచనా.

తొందర ఎందుకొచ్చిందంటే, భూమి ఈమధ్య వేగం పుంజుకుంది. 2020 నుంచి చాలా రోజులు 86,400 సెకన్ల కంటే తక్కువే. 2024 జులై 5న 1.66 మిల్లీసెకన్లు తక్కువ. ఇలాగే పోతే సెకను కలపడం కాదు, తీసేయాల్సి వస్తుంది. 58 తర్వాత నేరుగా 00. డంకన్ ఆగ్న్యూ అనే శాస్త్రవేత్త 2024 మార్చిలో నేచర్‌లో రాసిందేమంటే, ధ్రువాల మంచు కరిగి ఆ నీటి బరువు భూమధ్యరేఖ వైపు చేరడం వల్ల భూమి కొంచెం నెమ్మదిస్తోంది, లేకపోతే 2026లోనే వచ్చేది, ఇప్పుడు 2029కి జరిగింది అని. తీసివేత కోసం కెర్నెళ్లలో కోడ్ ఉంది, ఎన్‌టీపీలో గుర్తు ఉంది. కానీ నిజంగా ఒక్కసారీ నడవలేదు. కలపడానికే 2012లో అంత గోల జరిగింది.

కిమిడి_పంచాంగం | బుధవారం, సాయంత్రం 5:30

అది మీ క్షయ మాసం. 1982-83లో ఒకటి చూశాను. ఏ పండుగ ఎప్పుడని పండితులు రెండు వర్గాలయ్యారు. మళ్లీ వచ్చేది 2123-24లో, నేను ఉండను, హాయి.

సిరొంచ బాబూ, నీ పది నిమిషాలు స్థిరమైనవి, ఎప్పుడూ పదే. వీళ్లు వదిలేస్తామంటున్న తేడా పెరిగేది. రెండూ ఒకటి కాదు. గ్రహణం గుణించేటప్పుడు భూమి తిరుగుడుకీ ఏకరీతి కాలానికీ తేడా, డెల్టా టి అంటారు, అది ఇప్పుడు 69 సెకన్ల పైచిలుకు. లీప్ సెకన్లు ఉన్నంతకాలం గడియారం చూస్తే భూమి ఎక్కడుందో సెకను లోపు తెలిసేది. మానేశాక ఆ తేడా పట్టిక వేరే పెట్టుకు చూడాలి. చూస్తాం లెండి. గడియారం సూర్యుణ్ని వదిలేస్తానంటే మనం ఆపగలమా?

నా వరకు, వదిలేయడమే మంచిది అంటాను. పంచాంగంలో విఘడియ అంటేనే 24 సెకన్లు, అంతకంటే చిన్నది మా ఊళ్లో ముహూర్తానికి ఎవరూ అడగలేదు.

రాయగడ_సర్వీస్ | శుక్రవారం, రాత్రి 10:15

దొరికింది!

పాత సీపీయూ మిల్లు అటక మీద, ఖాళీ గోనె సంచుల కింద. ఎలుకలు వైర్లు కొరికేశాయి గానీ హార్డ్ డిస్క్ బతికే ఉంది. షాపులో వేరే మెషీన్‌కు తగిలించి కెర్నెల్ లాగ్ తెరిచాను. 2017 జనవరి 1 దగ్గర ఉన్న లైను, ఉన్నది ఉన్నట్టు:

"క్లాక్: ఇన్సర్టింగ్ లీప్ సెకండ్ 23:59:60 యూటీసీ"

జయపురం గారూ, మీరు అడిగినదీ చూశాను. ఎన్‌టీపీ లాగ్‌లో ఆ రాత్రి వేరే దూకుడు ఏదీ లేదు.

ప్రింటు తీసి, పసుపు మార్కరుతో గీత గీసి యజమాని గారికి ఇచ్చాను. రెండుసార్లు చదివారు. "ఇది ఎవరు రాశారు?" అన్నారు. కంప్యూటరే రాసుకుందండీ అన్నాను. "గుమస్తా రాయలేదు కదా" అని ఇంకోసారి అడిగి, ఫైల్లో పెట్టించారు.

జయపురం_కాఫీ | శుక్రవారం, రాత్రి 10:22

ఒప్పుకున్నాను. బ్యాటరీ కాదు.

గునుపురం_బీటెక్ | శుక్రవారం, రాత్రి 10:30

అన్నా, ఆ లైను ఫోటో పెట్టండి ప్లీజ్. ప్రాజెక్టు రిపోర్టులో పెట్టుకుంటాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ రసీదు ఎక్కిందా మరి?

రాయగడ_సర్వీస్ | శనివారం, ఉదయం 7:50

ఫోటో మధ్యాహ్నం పెడతాను తమ్ముడూ. రసీదు మాత్రం 60 పెడితే తీసుకోలేదు. రసీదు టైము 5:30:00.14 చేస్తే తీసుకుంది, అంటే ఇప్పుడు అది ఒక సెకను లేటు. రిమార్కులో "అధిక సెకను" అని రాశాను, మాస్టారు గారి పుణ్యాన. తర్వాత అది చూసే ఆడిటరు ఏమనుకుంటాడో వాడి ఖర్మ.

రాత్రే గుమస్తాకి ఫోన్ చేశాను. ఇప్పుడు పార్వతీపురంలో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఇదంతా అరగంట చెప్పాను, సీజియం దగ్గర్నుంచి. అంతా విని, "సెకను సంగతి నాకు తెలీదు గాని బాబూ, ఆ రోజు తెల్లారి డ్యూటీ దిగాల్సింది ఐదున్నరకి. రెండోవాడు ఏడైనా రాలేదు. దానికి ఓటీ ఇంకా ఇవ్వలేదు, అది కూడా ఆ కంప్యూటర్లో ఉందేమో కాస్త చూడవా" అన్నాడు.